వాగులో ఏ కాలానికి ఎంత నీరు ఉంచాలి? ఏ పద్ధతి ఎక్కడ పనికొస్తుంది

కొలరాడో కొండల్లో ఒక చిన్న వాగు అనుకుందాం. మే నెలాఖర్లో, జూన్‌లో మంచు కరిగి ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. ఆగస్టు దాటేసరికి పలచబడిపోతుంది. జనవరిలో పైన మంచుగడ్డ, కింద సన్నటి పాయ. అందులో ట్రౌట్ చేపలున్నాయి, రాళ్ల సందుల్లో వాటికి తిండి అయ్యే పురుగులున్నాయి. పైనుంచి ఎవరో కాలువ తవ్వుకుని నీళ్లు మళ్లిస్తామంటున్నారు. వాగుకి ఎంత వదలాలి?

పది క్యూసెక్కులు, ఇరవై క్యూసెక్కులు అని ఒక్క అంకె చెబితే తప్పవుతుంది. జూన్‌కి సరిపోయే అంకె జనవరిలో ఆ వాగులో అసలు ఉండదు. జనవరి అంకె పెడితే వేసవిలో వాగుని ఖాళీ చేసుకోండని లైసెన్సు ఇచ్చినట్టే. కాబట్టి కాలాన్ని బట్టి మెట్లు మెట్లుగా అంకెలు కావాలి. వాటిని తేల్చడానికి పద్ధతులు చాలా ఉన్నాయి. ఎక్కువగా వాడే నాలుగైదింటిని పోల్చి, ఏ సందర్భానికి ఏది ఎంచుకోవాలో నాకు తోచింది చెబుతాను. పర్యావరణ ఇంజినీరింగ్ చదివే పిల్లలకి, ప్రాజెక్టు నివేదికల్లో 'పర్యావరణ ప్రవాహం' అన్న పేజీ చదివి ఈ అంకె ఎక్కడినుంచి వచ్చిందబ్బా అనుకునేవాళ్లకి ఇది పనికి రావచ్చు.

కొలరాడోనే ఎందుకు తీసుకున్నానంటే, అక్కడ వాగుకే నీటిహక్కు ఉంటుంది. 1973లో ఆ రాష్ట్ర శాసనసభ చట్టం చేసి, వాగులో పారే నీటిపై హక్కు తీసుకునే అధికారం కొలరాడో వాటర్ కన్జర్వేషన్ బోర్డుకి ఇచ్చింది. సహజ పర్యావరణాన్ని 'సహేతుకమైన మేరకు' కాపాడాలన్నది చట్టం మాట. ఇప్పటికి 1,700కి పైగా వాగు భాగాలకు ఇలాంటి హక్కులు వచ్చాయి. పార్కులు, వన్యప్రాణుల శాఖ, అటవీ శాఖ, భూ యాజమాన్య శాఖ, స్వచ్ఛంద సంస్థలు సిఫార్సు చేస్తాయి, బోర్డు పరిశీలిస్తుంది. బోర్డు మూడు విషయాలు తేల్చాలి: అక్కడ కాపాడాల్సిన సహజ పర్యావరణం ఉందా, దాన్ని కాపాడటానికి సరిపడా నీరు ఉందా, వేరేవాళ్ల హక్కులకు నష్టం లేకుండా అది జరుగుతుందా.

ఇందులో మెలిక ఏమిటంటే, అక్కడి నీటి చట్టంలో ముందు వాడుకున్నవాడికే ముందు హక్కు. 1880ల్లో కాలువ తవ్వుకున్న రైతు తర్వాతే 2020లో హక్కు పొందిన వాగు. కరువొస్తే పాత హక్కుదారు తన నీళ్లు తాను తీసుకుపోతాడు, వాగు ఎదురు చెప్పలేదు. అంటే ఈ అంకె ఇవాళ ఉన్న పరిస్థితి ఇంకా దిగజారకుండా ఆపుతుందే తప్ప, పోయిన నీళ్లను వెనక్కి తేలేదు. ఇంకో సంగతి, ఆ అంకె చివరికి నీటి హక్కులు తేల్చే వాటర్ కోర్టుకి వెళుతుంది. అక్కడ లాయరు 'ఇది ఎలా వచ్చింది' అని అడిగితే చెప్పగలగాలి. పద్ధతి ఎంపికలో ఈ రెండోది చాలామంది మర్చిపోతారు.

శాతాల లెక్క: టెనెంట్ పద్ధతి

అన్నిటికంటే తేలికది ఇదే. చేపల జీవశాస్త్రవేత్త డొనాల్డ్ టెనెంట్ 1976లో ప్రచురించాడు. మోంటానా, వయోమింగ్, నెబ్రాస్కాల్లో 11 వాగుల మీద కొలతలు తీసి, సంవత్సరపు సగటు ప్రవాహంలో ఎంత శాతం ఉంటే వాగు ఏ స్థితిలో ఉంటుందో పట్టిక వేశాడు. అక్టోబరు నుంచి మార్చి దాకా సగటులో 20 శాతం, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా 40 శాతం ఉంటే 'బాగుంది' అన్నాడు. ఏ కాలంలోనైనా 10 శాతం అంటే చేపలు కొన్నాళ్లు ప్రాణం నిలుపుకోవడానికి మాత్రమే. అంతకంటే తగ్గితే తీవ్రమైన నష్టం. అడుగున పేరుకున్న మట్టి, ఇసుక కడిగేసే వరదకి 200 శాతం కావాలి.

కావాల్సిందల్లా గేజ్ రికార్డు, అంటే వాగులో రోజూ ఎంత నీరు పారిందో కొలిచి రాసిన లెక్క. లేకపోతే పక్క వాగు రికార్డు తెచ్చి వైశాల్యం నిష్పత్తిలో సవరించుకుంటారు. వాగు దగ్గరికి వెళ్లక్కర్లేదు, సాయంత్రానికి అంకె వచ్చేస్తుంది. దాని బలం, బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. ఒక పరీవాహక ప్రాంతంలో నలభై వాగులుంటే ఏది ముందు చూడాలో వడపోసుకోవడానికి ఇది భేషుగ్గా పనిచేస్తుంది. కానీ ఒక వాగు హక్కు తేల్చడానికి ఇదొక్కటే పట్టుకెళితే, అవతలివాళ్లు మోంటానా వాగు అంకెలు ఇక్కడ ఎందుకు అని అడుగుతారు. సరైన ప్రశ్నే.

నా వాడకంలో టెనెంట్ ఎప్పుడూ రెండో అభిప్రాయం. వేరే పద్ధతిలో వచ్చిన అంకె టెనెంట్ పట్టికకి ఆమడ దూరంలో ఉంటే, ఎక్కడో ఏదో తేడా కొట్టిందని గుర్తు.

టేపు, కర్ర పట్టుకుని దిగడం: ఆర్2క్రాస్

కొలరాడోలో ఎక్కువ సిఫార్సులు దీనిమీదే నిలబడతాయి. పేరులోని ఆర్2 అంటే అమెరికా అటవీ శాఖ రెండో రీజియన్, రాకీ పర్వతాల ప్రాంతం. 1970ల్లో అక్కడ పుట్టింది. సూత్రం సాదాగా ఉంటుంది. వాగులో నీళ్లు తగ్గుతున్నప్పుడు ముందు దెబ్బ తినేది లోతు మడుగులు కాదు, రాళ్లమీద పలచగా గలగలమని పారే చోట్లు. చేపల తిండి పురుగులు పెరిగేది అక్కడే, చేపలు ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకి దాటేదీ అక్కడినుంచే. కాబట్టి ఆ పలచటి చోటు బాగుంటే మిగతా వాగు దానంతటదే బాగుంటుందని నమ్మకం.

అలాంటి చోటు చూసి అడ్డంగా టేపు కడతారు, ఒక ఒడ్డున గడ్డి మొదలయ్యే గీత నుంచి అవతలి ఒడ్డు గడ్డి గీత దాకా. ఆ గీతే నిండు వాగుకి హద్దు. టేపు వెంట అడుగు అడుగుకీ కర్ర దించి లోతు రాసుకుంటారు. కరెంట్ మీటరుతో ఉపరితలం నుంచి పది వంతుల్లో ఆరు వంతుల లోతున వేగం కొలుస్తారు. పైకి కొంత, కిందకి కొంత నీటిమట్టం చూసి వాలు పడతారు. చల్లటి నీళ్లలో రబ్బరు ప్యాంటు వేసుకుని రెండు మూడు గంటల పని. ఆ తర్వాత నీళ్లు తగ్గితే, పెరిగితే లోతు, వేగం ఎలా మారతాయో లెక్క కట్టి మూడు ప్రమాణాలు చూస్తారు: సగటు లోతు, సగటు వేగం, నిండు వాగులో ఎంత శాతం అడుగు తడిసి ఉంది అన్నది.

20 అడుగుల లోపు వెడల్పున్న వాగుకి లోతు 0.2 అడుగు (రెండున్నర అంగుళాల లోపే), వేగం సెకనుకి ఒక అడుగు, తడి 50 శాతం ఉండాలి. వాగు పెద్దదయ్యేకొద్దీ లోతు ప్రమాణం వెడల్పులో సుమారు ఒక శాతంగా పెరుగుతుంది. వేసవిలో మూడూ నెరవేరాలి, చలికాలంలో మూడింట్లో రెండు చాలు. కాలాన్ని బట్టి మెట్లు వచ్చేది ఇక్కడే.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా వాగు తీసుకుందాం. వెడల్పు 16 అడుగులు. తడి ప్రమాణం 0.8 క్యూసెక్కుల దగ్గర, లోతు ప్రమాణం 1.2 దగ్గర, వేగం 4.0 దగ్గర నెరవేరాయి అనుకోండి. రెండు చాలనుకునే చలికాలానికి 1.2, మూడూ కావాలనే వేసవికి 4.0 క్యూసెక్కులు. ఈ వాగుల్లో చివరిదాకా ఏడిపించేది సాధారణంగా వేగమే.

ఇక్కడితో అయిపోలేదు. ఇప్పుడు నీరు ఉందా అని చూడాలి. గేజ్ రికార్డులోంచి రోజువారీ మధ్యస్థ ప్రవాహం తీస్తారు, అంటే సగం సంవత్సరాలు అంతకంటే ఎక్కువ, సగం సంవత్సరాలు తక్కువ పారిన నీరు. మన ఊహా వాగులో డిసెంబరు నుంచి మార్చి దాకా అది 1.0 క్యూసెక్కే అనుకుందాం. అప్పుడు 1.2 అడగడానికి లేదు, 1.0కి దిగాలి. ఆగస్టు సగానికి మధ్యస్థం 4.0 కంటే పడిపోతుంది కాబట్టి అక్కడ 2.2 లాంటి ఇంకో మెట్టు పెట్టాలి. చివరికి తేలేది ఇలా ఉంటుంది: చలికాలమంతా 1.0, ఏప్రిల్‌లో 1.2, మే నుంచి ఆగస్టు మధ్య వరకు 4.0, సెప్టెంబరు చివరిదాకా 2.2, అక్టోబరు, నవంబరుల్లో 1.2.

ఇదే వాగుకి సంవత్సరపు సగటు 8 క్యూసెక్కులు అనుకుని టెనెంట్ పట్టిక పెట్టి చూడండి. 'బాగుంది' స్థాయికి చలికాలం 1.6, వేసవి 3.2. వేసవి అంకె 4.0కి దరిదాపుల్లోనే ఉంది. చలికాలం అంకె మాత్రం వాగులో సహజంగా పారే 1.0 కంటే ఎక్కువ! మంచు వరద సగటుని పైకి లాగేస్తుంది కాబట్టి శాతం లెక్క చలికాలంలో ఇలా దారి తప్పుతుంది.

ఆర్2క్రాస్ విషయంలో జాగ్రత్త పడాల్సింది ఒకటుంది. కొలిచిన రోజు వాగులో ఎంత పారుతోందో దానికి 40 శాతం నుంచి 250 శాతం మధ్య వచ్చిన ఫలితాన్నే నమ్మాలన్నది మ్యానింగ్ సూత్రంతో (వాలు, లోతు, అడుగు గరుకుతనం బట్టి నీటి వేగం చెప్పేది) లెక్క కట్టే రోజుల నుంచి ఉన్న నియమం. నీళ్లు బాగా తగ్గితే రాళ్ల అడ్డు పెరిగి సూత్రం తప్పుతుంది. మన ఊహా వాగుని 2.5 క్యూసెక్కులు పారే రోజు కొలిస్తే 1.0 నుంచి 6.25 దాకా చెల్లుతుంది, 1.2, 4.0 రెండూ అందులో ఉన్నాయి. అదే జూన్‌లో 10 పారుతుంటే వెళ్లి కొలిస్తే 4 కంటే తక్కువ ఏదీ చెల్లదు, చలికాలం అంకె గాల్లో ఉన్నట్టే. కాబట్టి ఎండలు బాగున్నాయని జూన్‌లో విహారయాత్రలా వెళ్లి కొలుచుకొచ్చిన నివేదిక కనిపిస్తే ముందు తేదీ చూడండి. ఒక్క చోటే టేపు కట్టిన నివేదికనూ అనుమానంగానే చూడాలి. రెండు మూడు చోట్ల కొలిచి సగటు తీస్తేనే ఆ అంకె నిలబడుతుంది.

తడిసిన అడుగు ఒక్కదాన్నే ప్రవాహంతో గ్రాఫు గీసి, గీత ఎక్కడ వంగిందో అక్కడ ఆపే పద్ధతి కూడా ఉంది. గ్రాఫులో రెండు అక్షాల కొలతలు మార్చితే వంపు చోటు మారినట్టు కనిపిస్తుంది, ఇద్దరు చూస్తే రెండు అంకెలు చెబుతారు. ఆర్2క్రాస్ చేయడానికి వీలున్న చోట దీన్ని విడిగా ఎంచుకోవడానికి నాకు కారణం కనపడదు.

చేప చేపకీ లెక్క: ఫాబ్‌సిమ్

1970ల చివర్లో, 80ల మొదట్లో అమెరికా చేపలు, వన్యప్రాణుల సర్వీసు కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో తయారుచేసిన పద్ధతి. వాగు అడుగంతా కొలిచి, ఏ ప్రవాహంలో ఎక్కడ ఎంత లోతు, ఎంత వేగం ఉంటుందో మోడల్ కడతారు. ఇంకోపక్క ఫలానా చేప పిల్లగా ఉన్నప్పుడు ఏ లోతు ఇష్టపడుతుంది, పెద్దదయ్యాక ఏ వేగం, గుడ్లు ఎలాంటి గులకరాళ్లలో పెడుతుంది అన్న రేఖలు ఉంటాయి. రెండూ కలిపితే ఏ ప్రవాహానికి ఎంత ఆవాసం దొరుకుతుందో వస్తుంది.

కాలాల విషయంలో దీని బలం అసలైనది. కట్‌త్రోట్ ట్రౌట్ మంచు వరద తగ్గుముఖం పట్టేటప్పుడు గుడ్లు పెడుతుంది. బయటినుంచి తెచ్చి వదిలిన బ్రౌన్, బ్రూక్ ట్రౌట్‌లు చలి మొదలయ్యాక పెడతాయి, వాటి గుడ్లు శీతాకాలమంతా గులకరాళ్ల కింద ఉంటాయి. అక్టోబరులో గుడ్లు పెట్టిన చోటు జనవరిలో ఎండితే ఆ సంతానం పోయినట్టే. 'మూడింట్లో రెండు చాలు' అనే నియమానికి ఈ సంగతి తెలియదు, ఫాబ్‌సిమ్‌కి చెప్పవచ్చు.

అయితే డబ్బు, కాలం బాగా ఖర్చవుతాయి. మూడు రకాల ప్రవాహాల్లో వెళ్లి కొలవాలి, చేప రేఖలు ఈ వాగుకి సరిపోతాయో లేదో చూడాలి. ఏ చేపని ముఖ్యంగా తీసుకున్నామన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది, పిల్ల చేపకి బాగున్న ప్రవాహం పెద్ద చేపకి బాగుండదు. అందుకే గొడవ ముదిరిన చోట, డ్యామ్ నుంచి ఎంత వదలాలో బేరం జరిగేచోట దీన్ని ఎంచుకోవాలి. రెండు క్యూసెక్కుల వాగుకి ఫాబ్‌సిమ్ పెట్టడం దండగ.

వరద కూడా వాగుకి కావాలి

పై పద్ధతులన్నీ అడుగునుంచి ఆలోచిస్తాయి, కనీసం ఎంత ఉండాలి అని. కానీ మే, జూన్ వరద రాకపోతే గులకరాళ్ల మధ్య మట్టి పేరుకుపోతుంది, ఒడ్డున కాటన్‌వుడ్ చెట్ల మొలకలకి తడి మట్టి దొరకదు, వాగు పక్కకి పొదలు దూసుకొస్తాయి. 1997లో నదీ పర్యావరణ శాస్త్రవేత్త పాఫ్, ఆయన సహచరులు సహజ ప్రవాహ తీరుని అయిదు అంశాలుగా విడదీశారు: ఎంత నీరు, ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎప్పుడు, ఎంత వేగంగా పెరిగి తగ్గుతుంది. కనీస ప్రవాహం అనేది వీటిలో ఒక ముక్కే.

ఈ దారిలో రెండు ఎంపికలు ఉన్నాయి. దక్షిణాఫ్రికా వాళ్ల బిల్డింగ్ బ్లాక్ పద్ధతిలో నిపుణులంతా కూర్చుని ఎండకాలం కనీసం, వానకాలం కనీసం, చిన్న వరదలు, పెద్ద వరద అని ఒక్కో ముక్కా పేర్చి ఏడాది మొత్తం కడతారు. డ్యామ్ కింద నదికి ఇది చాలా మంచిది, ఎందుకంటే అక్కడ వరదని గేటు తిప్పి వదలవచ్చు. గేటే లేని చిన్న వాగులో ఇంత తతంగం అక్కర్లేదు. రెండోది బ్రయాన్ రిక్టర్ తదితరులు 2012లో సూచించిన తాత్కాలిక ప్రమాణం: రోజువారీ సహజ ప్రవాహంలో 10 శాతం లోపు మార్పయితే గట్టి రక్షణ, 11 నుంచి 20 శాతం దాకా మధ్యస్థ రక్షణ. ఇక్కడ ప్రశ్న తిరగబడింది. ఎంత వదలాలి అని కాకుండా, ఎంత తీసుకోవచ్చు అని అడుగుతుంది. డేటా తక్కువున్నా ఇంకా పాడవని వాగుకి నేనైతే టెనెంట్ కంటే దీన్నే ముందు పెడతాను.

మెట్లు ఎలా ఉండాలో పెద్ద ఉదాహరణ కొలరాడోలోని డోలోరెస్ నది. శాన్ మిగెల్ నది కలిసిన చోటు నుంచి కిందకి స్థానిక చేపల కోసం కొలరాడో బోర్డు 2015లో ఆమోదించిన హక్కులో వసంతపు వరద కాలానికి 900 క్యూసెక్కుల దాకా ఉంది. అక్కడినుంచి మెట్లు దిగుతూ ఆగస్టు మధ్య నుంచి చలికాలమంతా 100 క్యూసెక్కులకు వస్తుంది. ఒకే నదికి తొమ్మిది రెట్ల తేడా.

నివేదికల్లో 7క్యూ10 అనే అంకె కూడా కనిపిస్తుంది. పదేళ్లకోసారి వచ్చే అతి తక్కువ ఏడు రోజుల సగటు అది. మురుగునీటి అనుమతి ఇచ్చేటప్పుడు, వాగు ఎంత పలచగా ఉన్నప్పుడు కూడా కాలుష్యం హద్దు దాటకూడదో చూడటానికి పెట్టుకున్నది. దాన్ని 'వాగుకి ఇంత చాలు' అని రాస్తే పచ్చి మోసం. కరువులో మిగిలే చుక్కనే ఏడాది పొడుగునా రేషన్ చేసినట్టు అవుతుంది.

మన వాగులకి ఇవి పెడితే?

చాలామంది విద్యార్థులు టెనెంట్ పట్టికని ఉన్నదున్నట్టు మున్నేరుకో పాలేరుకో అంటిస్తారు. రెండు చోట్ల దెబ్బ తింటారు. మొదటిది నెలలు. టెనెంట్ 'తక్కువ కాలం' అక్టోబరుతో మొదలవుతుంది, మనకి అక్టోబరులో ఇంకా నీళ్లుంటాయి, నెల్లూరు వైపయితే ఈశాన్య రుతుపవనాల వానలే అప్పుడు. ఆయన 'ఎక్కువ కాలం' ఏప్రిల్‌తో మొదలవుతుంది, మనకి అప్పుడు వాగులో ఇసుక తెల్లగా మెరుస్తుంటుంది. రెండోది సగటు. నాలుగు వరదలు మొత్తం ఏడాది నీటిని మోసుకుపోతే, ఆ సగటులో 20 శాతం అనేది మార్చిలో ఏ సంవత్సరం పారని అంకె కావచ్చు.

ఆర్2క్రాస్ కూడా ఏడాదంతా పారే, రాళ్ల అడుగున్న చల్లటి వాగుల కోసం పుట్టినది. ఎండకాలం ఆగిపోయే ఇసుక వాగులో గలగల పారే చోటు ఎక్కడ వెతుకుతాం? అలాంటి వాగులో చేపలకి, పక్షులకి ఎండకాలం దిక్కు మడుగులే. అక్కడ కాపాడాల్సింది ప్రవాహం కంటే మడుగు లోతు, ఇసుక కింద ఊట, తొలకరి మొదటి పారకం. ఇసుక తవ్వకం, ఒడ్డు బోర్లు ఆపకుండా పైనుంచి ఎన్ని క్యూసెక్కులు వదిలినా అది ఇసుకలోకి ఇంకిపోతుంది.

మన దేశంలో నెలల వారీ లెక్క ఉన్న ఉదాహరణ గంగ. కేంద్ర ప్రభుత్వం 2018 అక్టోబరు నోటిఫికేషన్‌లో, పుట్టిన హిమానీనదాల నుంచి దేవప్రయాగ మీదుగా హరిద్వార్ దాకా, అంతకుముందు పది రోజుల్లో చూసిన నెల సగటు ప్రవాహంలో నవంబరు నుంచి మార్చికి 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మేలకి 25 శాతం, జూన్ నుంచి సెప్టెంబరుకి 30 శాతం పెట్టారు. శాతం లెక్కే అయినా సంవత్సరపు సగటు మీద కాకుండా నెల ప్రవాహం మీద కట్టారు, అది టెనెంట్ కంటే మెరుగు. హరిద్వార్ దగ్గరి భీంగోడా బ్యారేజీకి శాతాలు వదిలేసి నేరుగా వానేతర కాలానికి 36 ఘనపు మీటర్లు, వానకాలానికి 57 ఘనపు మీటర్లు సెకనుకి అని రాశారు. అమలు చూసేవాడికి ఇలాంటి నికరమైన అంకె ఉంటేనే గేటు దగ్గర వాదన తగ్గుతుంది.

ఇంతకీ ఏది ఎంచుకోవాలి

చాలా వాగుల్ని తొందరగా వడపోయాలంటే టెనెంట్, అది కూడా మీ ప్రాంతపు నెలలకి మార్చుకుని. ఏడాదంతా పారే చిన్న రాతి వాగు, కొత్త మళ్లింపు వస్తోంది, కోర్టులో నిలబడే అంకె కావాలి అంటే ఆర్2క్రాస్, దానికి మధ్యస్థ ప్రవాహంతో కోత. డ్యామ్ ఉంది, విలువైన చేప ఉంది, రెండు పక్షాలా లాయర్లున్నారు అంటే ఫాబ్‌సిమ్ ఖర్చు భరించాల్సిందే, వరదల కోసం బిల్డింగ్ బ్లాక్ పక్కన పెట్టుకోవాలి. ఇంకా ఎవరూ చెయ్యి పెట్టని వాగయితే రిక్టర్ 10 శాతం. ఎండకాలం ఆగిపోయే వాగయితే వీటిలో ఏదీ నేరుగా కాదు, ముందు మడుగుల జాబితా రాయండి, ఏ నెలలో ఏది ఎండిందో చూడండి.

డబ్బు కొంచెమే ఉంటే పద్ధతి మీద కాకుండా గేజ్ మీద పెట్టండి. రోజువారీ నీటిమట్టం రాసే చిన్న పరికరం, దాంతోపాటు నీటి ఉష్ణోగ్రత రాసేది, రెండు మూడేళ్లు వాగులో ఉంటే చాలు. ట్రౌట్ వాగుల్లో జులై, ఆగస్టుల్లో చేపని చంపేది లోతు తగ్గడం కంటే నీళ్లు వేడెక్కడం. పైన చెప్పిన ప్రమాణాల్లో ఏదీ దాన్ని చూడదు. ఆగస్టు మెట్టు ఖరారు చేసేముందు ఉష్ణోగ్రత రికార్డు ఒకసారి తెరిచి చూడండి.